భీమశంకరరావు మాగిన టీని ఎంచిన వైనం

సిద్ధార్థి నామ సంవత్సరమున, వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నమున, చండమార్తాండ కిరణ సంతప్త క్రేన్ శిఖర విరాజితమును, ముడి ఇనుప ధూళి ధూసరితమును, ఎండుచేపల గంధవాహ గాఢ సమాశ్లిష్టమును అగు విశాఖ రేవునందు, పోర్టు గేటుకెదురుగా రేకుల కప్పు కింద ఒక యుద్ధం జరిగింది. రాజ్యాల కోసం జరిగినవి పెద్దలు రాసుకుంటారు. ఇది టీ కోసం జరిగింది, నేను రాస్తున్నాను.

వీరుడెవడు? గౌతమీతీర సంజాతుడు, ఓడ సరుకులెత్తు వించి చోదక శిరోమణి, యూనియన్ సభా కంఠీరవుడు భీమశంకరరావు. ప్రతివీరుడు? కిరసనాయిలు స్టవ్ జ్వాలామాలా పరివేష్టితుడు, టీబడ్డీ సార్వభౌముడు ఎల్లాజీ. వీరుడు ఆ బడ్డీలో టీ తాగని పూట లేదు, ఆ టీని తిట్టని పూటా లేదు. గోనెసంచి ఉతికిన నీళ్ళంటాడు. గుటకకొక వంక.

ఓర్చి ఓర్చి, ఆనాడు ప్రళయరుద్రుని వలె గరిట దించిన ఎల్లాజీ, కాగితం చుట్టిన రెండు నల్లని బిళ్ళలు బల్ల మీద పెట్టాడు. ఒక్కోటి పిడకంత ఉంది.

"సూడు బావ. హాంకాంగ్ ఓడలో వంటోడికి నిమ్మకాయలిత్తే ఇయ్యి ఇచ్చేడు. సీనా టీ. పూఎర్ అంటారట. మాగబెడతారట. ఒకటి బాగా మాగింది, ఒకటి సెడింది. మంచిదైతే తడిమట్టి వాసన, సెడ్డదైతే సేపల వాసన. మంచిదాని కాగితం అడుగున ఆడు ఎర్రదారం అంటించేడు. ఇప్పకుండా సెప్పు, ఏది మంచిదో. తప్పేవంటే ఇంక సచ్చేదాకా నా టీ మీద నోరెత్తకూడదు."

"చెప్తేనో?" అన్నాడు వీరుని పక్కబల్ల మిత్రుడు కామరాజు.

"సెప్తే ఎన్ని వంకలైనా పెట్టుకోమను. నాను మారు మాటాడను."

పందెం తెలిసింది కదా. జీతం కోస్తే సమ్మె చెయ్యొచ్చు. వంక పెట్టే హక్కే పోతే మనిషికి మిగిలేదేమిటి, మింగడం తప్ప?

అంతట వీరుడు బిళ్ళను నాసికాగ్రమునకు చేర్చినాడో లేదో, చేపలరేవు నుంచి నెత్తళ్ళ కాల్బలముతో, కవ్వళ్ళ అశ్వదళముతో, వంజరాల గజఘటలతో సముద్రపుగాలి విరుచుకుపడింది. మొదటి బిళ్ళ చేపల వాసన. రెండోదీ చేపల వాసనే. బల్ల చేపల వాసన, గ్లాసు చేపల వాసన. కామరాజు తన భుజం వాసన చూసుకుని, "ఒరేయ్, ఈ లెక్కన నేనూ చెడిన టీనే," అన్నాడు.

ఎల్లాజీ నవ్వుతూ కాగితాల కొసలు చింపి, ఒక్కో ముక్క విరిచి ఒక్కో గ్లాసులో వేసి, వంటవాడు చెప్పినట్టే మొదటి నీళ్ళు వంచి పారబోసి, రెండు గ్లాసుల్లో మళ్ళీ మరిగే నీళ్ళు పోశాడు. రెండూ నల్లగా పొగలు కక్కాయి. ఆ పొగనూ గాలి ఎత్తుకుపోయింది.

"ఒప్పేసుకో బావ. నోరు మూసుకుంటే సుఖంగా ఉంటాది," అన్నాడు ఎల్లాజీ.

అప్పుడు భీమశంకరరావు బెంచీ ఎక్కి, పిడికిలెత్తి, మేఘగంభీర స్వరమున ఇట్లనియె: "ఓ మత్స్యగంధ దుర్మద సమీరమా, కార్మికుని ముక్కును ఆక్రమించిన నిరంకుశ ప్రభువా. రేవంతయు నీదే కావచ్చును. కాని దుప్పటి లోపల నీ ఏలుబడి సాగదు. చెల్లెమ్మా, ఆ తీగ మీది దుప్పటి ఇలా ఇయ్యి."

ఎల్లాజీ పెళ్ళాం సీతాలు చెయ్యి నడుమున పెట్టుకుంది. "ఉతికి ఆరేసింది అన్నియ్యా. దేనికి?"

"రొంప పట్టినోడిలాగ ఆవిరి పడతాను."

"టీకి ఆవిరి పట్టీవోడిని నాను సూడనేదు. మరకైతే నువ్వే ఉతకాల."

వీరుడు రెండు గ్లాసులు ముందు పెట్టుకుని, గుహాంతర్గత మృగేంద్రుని వలె దుప్పటి ముసుగులో అదృశ్యుడయ్యాడు. వైశాఖపు ఎండ, రేకుల కప్పు, మరిగే టీ. గుడ్డ వీపుకు అంటుకుపోయింది.

"ఉన్నావా, పోయావా?" అన్నాడు కామరాజు.

లోపల నుంచి మాట వచ్చింది. "ఎడం గ్లాసు ఇంకా ఈదుతోంది."

తర్వాత ముక్కును కుడివైపు తిప్పాడు. కుడి గ్లాసులో, పాత గొడౌను నేల మీద తొలకరి చినుకు పడ్డట్టు, ముసలి టేకు దూలం తడిసినట్టు, ఒక మెత్తని మట్టివాసన. చేప అన్నది లేదు.

ధారాపాత స్వేదస్నాత శరీరుడై బయటికొచ్చిన వీరుడు కుడి గ్లాసు మీద వేలు పెట్టాడు. ఎల్లాజీ ఆ గ్లాసులో వేసిన బిళ్ళ కాగితం విప్పాడు. ఎర్రదారం.

ఎల్లాజీ గ్లాసు తన చేత్తోనే అందించాడు.

భీమశంకరరావు ఒక గుక్క తాగాడు. రేవు రేవంతా చూస్తోంది.

"పాలు లేవు, పంచదార లేదు. మనిషి తాగేదేనా ఇది?"

ఎల్లాజీ నోరు తెరిచి, ఇచ్చిన మాట గుర్తొచ్చి, మూసుకున్నాడు.

ఈ విధంబున, సముద్రపుగాలిని ఒక్క దుప్పటితో జయించి, అకుంఠిత నాసికా పరాక్రముడగు భీమశంకరరావు ఒక గ్లాసు టీకి వంక పెట్టు జన్మహక్కును ఆచంద్రతారార్కము నిలబెట్టుకొనెను. కొని, గ్లాసు ఖాళీ చేసి, ఇంకొకటి పొయ్యమన్నాడు.