వరుసకో కాగితం

ఆ శనివారం పొద్దున జ్ఞానప్రకాశం అనుకున్న పనులు మూడే. ఆఫీసుకు వెళ్ళగానే కూతురు సూసన్న ఇచ్చిన ఫ్లాపీలోంచి పాట తీసి అచ్చు వేయడం, టీ తాగడం, ఒంటిపూట ఆఫీసు గనక మధ్యాహ్నానికి ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టడం. భార్య జ్ఞానరత్నం పోయాక పులుసు పెట్టడం ఆయనే నేర్చుకున్నాడు. ఈమధ్య బాగానే కుదురుతోంది. కుదరని రోజుల్లో కూడా తిన్నవాళ్ళు బాగుందనే అన్నారు. అది వాళ్ళ మంచితనం.

పాట సంగతి మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. మర్నాడు చర్చిలో కోత పండుగ. ఒకప్పుడు జ్ఞానరత్నం నడిపిన పిల్లల పాటల బృందాన్ని ఇప్పుడు సూసన్న నడుపుతోంది. పోయిన ఈస్టరుకు పిల్లలు పాట మధ్యలో మాటలు మరిచిపోయి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సంఘపెద్ద సొలొమోను గారు ఆ రోజే తేల్చి చెప్పేశారు.

"ఇంకోపాలి ఇలాగయితే బృందం వొద్దమ్మా. టేప్ రికార్డర్ ఎట్టుకుందుము. దానికి మతిమరుపు లేదు."

పైగా ఈసారి పాట ఆయన సొంతంగా కట్టినది. గుమ్మడికాయ దగ్గర మొదలుపెట్టి ఆవగింజ దాకా, దేవుడిచ్చిన పంటలన్నిటినీ పేరుపేరునా తలుచుకునేంత పొడవు. కాగితం మీద పెట్టే అలవాటు ఆయనకు లేదు. సూసన్న కంప్యూటర్ నేర్చుకునే చోటికే వచ్చి, ఆమె కుర్చీ వెనక నిలబడి పాడారు. ఆమె టైపు చేసింది. ఊరు ఖరగ్‌పూర్ గనక పిల్లలంతా బెంగాలీ బళ్ళల్లోనో, ఇంగ్లీషు బళ్ళల్లోనో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు గాని చదవలేరు. అందుకని తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది.

కంప్యూటర్ గదికి పెద్ద అయిన బోస్ బాబు అచ్చుకు ముందే ఒప్పుకున్నాడు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన బెంగాలీ గనక తెలుగు బాగానే మాట్లాడతాడు. జ్ఞానప్రకాశం పాటను ఆఫీసు యంత్రంలోకి ఎక్కించి, అచ్చు వేయమని ఆజ్ఞ కొట్టాడు. అప్పటికే బోస్ బాబు ఖాళీ ఫ్లాపీ కోసం సొరుగులన్నీ వెతుకుతున్నాడు. చూస్తే జాలేసింది.

"ఇది తీసుకో దాదా. నా పని అయిపోనాది" అని సూసన్న ఫ్లాపీ ఆయన చేతిలో పెట్టి, టీకి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి ప్రింటర్‌లోంచి కాగితం బల్ల దిగి, కుర్చీ కిందుగా గుమ్మం దాకా వెళ్ళింది. ఒక్కొక్క కాగితం మీద ఒక్కటే వరుస. గుమ్మడికాయకొకటి, ఆనపకాయకొకటి. కింద అంతా ఖాళీ.

"ప్రకాశం దాదా, ఇది పాటా, గూడ్సు బండా?" అన్నాడు బోస్ బాబు.

జ్ఞానప్రకాశం, కంటికి కనబడని గుర్తులను కూడా చూపించమని యంత్రాన్ని అడిగాడు. ప్రతి వరుస చివరా ^L అని ఒక గుర్తు బయటపడింది. ఇక్కడితో పేజీ అయిపోయింది, కొత్త పేజీ ఎక్కించు అని ప్రింటర్‌కు చెప్పే గుర్తు అది. అంతలో అచ్చు కాగితాల కోసం సూసన్న వచ్చింది.

"ఏటమ్మా ఇది, వరుస వరుసకీ పేజీ మార్సమన్నావు?"

"కంట్రోలూ ఎంటరూ కలిపి నొక్కితే అడ్డంగా గీత వొస్తాది నాన్నా. అందంగా ఉన్నాదని ప్రతి లైనుకీ నొక్కినాను."

"అందంగానే ఉంటాదిలే" అన్నాడాయన. కూతుర్ని కసరడం ఆయనకు చేతకాదు.

మందు కూడా ఆయనకు తెలుసు. 'టీఆర్' అని చిన్న ఆజ్ఞ ఒకటుంది. ఏ గుర్తు వద్దంటే దాన్ని బియ్యంలో రాళ్ళలా ఏరి పారేస్తుంది. ఎందులోంచి ఏరాలో, ఏరినది ఎందులో పోయాలో చెబితే చాలు. ఎందులోంచి అన్నచోట 'పాట' అని ఫైలు పేరు కొట్టాడు. ఎందులోకి అన్నచోట కూడా 'పాట' అనే కొట్టాడు. ఒకే పాటకు రెండు పేర్లెందుకనుకున్నాడు.

యంత్రానిది అతిశుభ్రం. పోయబోయే గిన్నెను ముందు కడిగి బోర్లించి, ఆ తర్వాతే వండిన గిన్నె కోసం చూస్తుంది. ఇక్కడ రెండూ ఒకే గిన్నె. ఫైలు తెరిచి చూస్తే అక్కర్లేని గుర్తు ఒక్కటీ లేదు. అక్కరున్నదీ లేదు.

"ఫ్లాపీ ఉన్నాది గదా నాన్నా" అంది సూసన్న.

ఇద్దరూ బోస్ బాబు వైపు చూశారు. ఆయన మొహం చిన్నబోయింది.

"ఫార్మాట్ కర్ దియా. మొత్తం చెరిపేశాను. పని అయిపోయిందని నువ్వే ఇచ్చావు గదా దాదా."

"సొలొమోను తాతని మళ్ళీ పాడమంటే?"

"మళ్ళీ కొత్తగా కడతాడమ్మా. మన పిల్లలు నేర్సుకున్నది పాతది."

ఇక మిగిలింది నేలమీది కాగితమే. చూస్తే నేల అద్దంలా ఉంది. చెత్త తీయమని బోస్ బాబు చెప్పగానే ప్యూను నూకయ్య మొత్తం మడతలు పెట్టి, పనికొస్తుందని సైకిల్ మీద నిమ్‌పురా పేటలోని తన ఇంటికి పట్టుకుపోయాడు.

జ్ఞానప్రకాశం సూసన్నను వెనక ఎక్కించుకుని సైకిల్ తొక్కాడు. అదృష్టం, ఎదురుగాలి లేదు. వెళ్ళేసరికి నూకయ్య భార్య నూకాలమ్మ బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని విసురుతోంది. పక్కనే కాగితాల దొంతర.

"మా సెడ్డ మంచి కాగితం బాబూ. తడి బొగ్గు, ఎంతకీ అంటుకోనేదు. పైనున్నవి రెండు ఎట్టినాను, సటుక్కున రాజుకున్నాది."

"అందులో దేవుడి పాట ఉన్నాది నూకాలమ్మా."

"అదా సంగతి. ఊదకుండానే మండినాది."

పొయ్యిలోకి పోయినవి పల్లవి, గుమ్మడికాయ. పల్లవి పిల్లలు నిద్రలో కూడా పాడతారు. గుమ్మడికాయ ఎవరూ మరిచిపోయేది కాదు. మిగతా పంటలన్నీ క్షేమం. జ్ఞానప్రకాశం మనసులోనే వందనాలు చెప్పుకున్నాడు.

అయితే ఉన్నది ఒక్క ప్రతి; పిల్లలు బెంచీ నిండా ఉన్నారు. ఆఫీసుకు తాళం పడిపోయింది. ఒకే కాగితం అందరికీ కనబడాలంటే అక్షరాలు పెద్దగా ఉండాలి. ఎలాగూ ప్రతి పేజీలో బోలెడంత ఖాళీ. సాయంత్రం తండ్రీకూతుళ్ళు కుంచెలు పట్టుకుని కూర్చున్నారు. అచ్చు వరుస కింద సూసన్న అదే వరుసను పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. ఇంకా చోటు మిగిలితే, ఊరికే వదలడమెందుకని, దాని కింద ఆయన తెలుగులో రాశాడు. పులుసు పెట్టడం కుదరలేదు. నూకాలమ్మ పంపిన పులుసు తిన్నారు. అది నిజంగానే బాగుంది.

ఆదివారం చర్చిలో ముందు ఎత్తుబల్ల వేసి, నూకయ్య ఒక పక్కా జ్ఞానప్రకాశం ఒక పక్కా నిలబడి, వరుస అయినప్పుడల్లా ఒక్కో మడత ఎత్తి వెనక్కి వేశారు. సొలొమోను గారు మొదట కనుబొమలు ముడిచారు. రెండో చరణానికి వెనక బెంచీల్లోంచి ముసలి గొంతులు కలిశాయి. చూసి పాడడానికి తెలుగు అక్షరాలు లేక ఇన్నాళ్ళూ పెదవులు మాత్రమే కదిపిన దేవమణమ్మ, అందరికంటే ఒక మాట ముందే ఉంది. వంకాయ దాటాక సొలొమోను గారికే తన పాట గుర్తు రాలేదు. మెడ చాచి, కాగితం చూసి పాడారు.

ఆరాధన అయ్యాక ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ సూసన్న దగ్గరికి వచ్చారు.

"టేప్ రికార్డర్ గొడవ మనకెందుకమ్మా. నీ బృందం నీదే. ఒచ్చే ఏడు కూడా ఇలాగే అచ్చెయ్యండి, వరుసకో కాగితం. మీ నాన్నకి బాగా తెలుసు గదా ఆ పని."

మరుసటి ఏడు సూసన్న అక్కర్లేని గుర్తు ఒక్కటి కూడా లేకుండా పాట కొట్టి తెచ్చింది. జ్ఞానప్రకాశం ఒక పూటంతా కూర్చుని వాటిని మళ్ళీ పెట్టాడు.