రోటోటూనాలో మంచు తొలగింపు ఏర్పాట్లు

కివీల దేశంలోని హామిల్టన్ నగరం, రోటోటూనా ప్రాంతపు తెలుగువారికి తెలియజేయునది ఏమనగా, ఈ చలికాలానికి మంచు తొలగింపు ఏర్పాట్లు సంపూర్ణంగా జరిగినవి. పద్నాలుగు గ్యారేజీలలో పద్నాలుగు యంత్రాలు సిద్ధంగా ఉన్నాయి. ఇక కురవడమొక్కటే మంచు వంతు. ఇక్కడ మంచు కురిసినట్టు ఈ పద్నాలుగు కుటుంబాలలో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఇక్కడి చలికాలమైన జూలైలో గడ్డి మీద తెల్లగా పేరుకునేది కూడా పిల్లలు బడికి బయల్దేరేలోపే కరిగిపోతుంది. ముందుచూపు ఉన్నవారికి ఇలాంటి చిన్న విషయాలు అడ్డురావు.

ఈ ముందుచూపుకు మూలపురుషుడు రాజారావు. తెనాలి నుంచి వచ్చి పదకొండేళ్ళుగా ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. అది పొట్టకూటికి. అసలు వృత్తి సలహా. ఆయన్ను అడగకుండా రోటోటూనాలో ఎవరూ మిక్సీ కొనలేదు, ఇల్లు కొనలేదు, ఒకరిద్దరు పిల్లలకు పేర్లు కూడా పెట్టలేదు. ఈ పదకొండేళ్ళలో ఆయన నోట "తెలియదు" అన్న మాట రాలేదు. ఒక్కసారి ఆ మాట జారితే తన పీట మీద మర్నాడే కిషన్‌రావు కూర్చుంటాడని ఆయన భయం. కరీంనగర్ కిషన్‌రావుకు కూడా అన్నీ తెలుసు. అడిగేవాళ్ళే లేరు.

ప్రమాదం జూన్‌లో వాట్సాప్ గ్రూపు ద్వారా వచ్చింది. కొత్త ఉద్యోగానికని దక్షిణాన టెకపో వెళ్ళిన మహేంద్ర ఇలా రాశాడు: "రాజారావు అంకుల్, ఇక్కడ ఇంటి ముందు మంచు పడుతోంది. కరెంటు వైరుతో నడిచే స్నో బ్లోయర్ ఏది మంచిది?"

రాజారావు చేతిలో టీ కప్పు ఆగిపోయింది. అలాంటి యంత్రం ఒకటుందని ఆయనకు అప్పుడే తెలిసింది. తెర మీద "కిషన్‌రావు టైపింగ్..." అని కనబడింది. పదకొండేళ్ళ పరువు ఆ మూడు చుక్కల మీద వేలాడుతోంది. రాజారావు గబగబా కొట్టాడు: "తొందరపడి కొనొద్దు బాబూ. నేను అదే రీసెర్చ్‌లో ఉన్నాను." చుక్కలు ఆగిపోయాయి.

రీసెర్చ్ ఆరు వారాలు సాగింది. మంచును నోట కరచుకుని గొట్టంలోంచి దూరంగా ఉమ్మే ఆ యంత్రాల మీద రాజారావు ముప్పైరెండు గళ్ళ పట్టిక తయారుచేశాడు. నోటి వెడల్పెంత, ఉమ్మే దూరమెంత, వైరు పొడవెంత, విజయవాడలో స్పేర్ పార్ట్‌లు దొరుకుతాయా. కెనడాలో ఉన్న బావమరిదికి ఫోన్ చేస్తే, "మా వీధిలో మునిసిపాలిటీ వాళ్ళే తీసేస్తారు బావా" అన్నాడు. అనుభవం లేనివాడని రాజారావు అతని పేరు పట్టికలోంచి కొట్టేశాడు.

ఈలోగా గ్రూపు రెండుగా చీలింది. కిషన్‌రావు, "వైరు ఎందుకన్నా, బ్యాటరీదైతె మంచిగుంటది. కాళ్ళకు చుట్టుకోదు" అన్నాడు. మాటలో న్యాయం ఉంది కాబట్టి ఖండించక తప్పలేదు. "బ్యాటరీ స్నేహంలాంటిదండీ, చలి ముదిరితే చల్లబడుతుంది. వైరు బంధుత్వంలాంటిది, వద్దన్నా వదలదు" అని రాజారావు గుడి హాల్లో మైకు పట్టుకుని సెలవిచ్చాడు. బంధువులతో మాటల్లేని మూడు కుటుంబాలు ఆ క్షణమే బ్యాటరీ పక్షానికి వెళ్ళిపోయాయి.

తాను వాడనిది ఎవరికీ చెప్పననేది రాజారావు నియమం. కాబట్టి యంత్రం వచ్చింది. వారంలో ఐదు రోజులు బస్సు నడిపి రెండు రోజులు పౌరోహిత్యం చేసే వీరభద్రానికి ధర్మసందేహం కలిగింది. చక్రాలున్నాయి గనుక వాహన పూజ, లోపల రెక్కలున్నాయి గనుక ఆయుధ పూజ. రెండూ చేసి, చక్రాల కింద రెండు నిమ్మకాయలు, నోటి ముందు ఒకటి పెట్టాడు.

మంచు లేనిదే పరీక్ష ఎలాగన్నది చివరి సమస్య. శాండ్రింగ్‌హామ్‌లోని మనవాళ్ళ కిరాణా కొట్టు నుంచి నలభై సంచుల మరమరాలు దిగాయి. శనివారం పదకొండింటికి ఇంటి ముందు కారు దారి పొడుగునా జానెడు మందాన తెల్లగా పరిచారు. చూడముచ్చటగా ఉంది.

"ఉల్లిపాయలూ కొత్తిమీరా కూడా తరగనా? వచ్చినవాళ్ళకి పిడత కింద పప్పయినా అవుతుంది" అంది ఆయన భార్య మంగాదేవి. శాస్త్రంలో ఇల్లాళ్ళు జోక్యం చేసుకోకూడదని రాజారావు సున్నితంగా మనవి చేశాడు.

మిగతా పదమూడు కుటుంబాలు కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నాయి. రాజారావు మీట నొక్కాడు. ముందు నిమ్మకాయ లేచి వీరభద్రం ఒళ్ళో పడింది. తర్వాత మరమరాలు లేచాయి. కంచె దాటాయి, చెట్లు దాటాయి, పక్కింటి కప్పు మీద కురిశాయి. రోటోటూనాలో మొట్టమొదటి హిమపాతం అదే. పిల్లలు కేరింతలు కొట్టారు, ఎక్కడెక్కడి బాతులో వరసకట్టి వచ్చాయి. పక్కింటి కివీ పెద్దాయన నెత్తి దులుపుకుని, "ఆల్ గుడ్, మేట్" అని లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాడు. రాజారావు పరమానందంతో, జనానికి చెయ్యి ఊపుతూ యంత్రాన్ని వెనక్కి తిప్పాడు. అది తన వైరును తానే నమిలి మింగింది.

టప్‌మని శబ్దం, యంత్రం ఆగిపోయింది. ఇంట్లో కరెంటు పోయింది. బాతులు కూడా తినడం ఆపాయి.

కిషన్‌రావు నెమ్మదిగా కుర్చీలోంచి లేచాడు. "నేను ముందే చెప్పిన" అన్నాడు.

రాజారావు తెగిన వైరు ముక్కను పైకెత్తాడు. పదకొండేళ్ళూ కళ్ళ ముందు తిరిగాయి. అయినా గొంతు సవరించుకుని, "ఏం చెయ్యాలో ఎవరైనా చూపిస్తారు. ఏం చెయ్యకూడదో నేను చూపించాను" అన్నాడు.

చప్పట్లు మారుమోగాయి. సాయంత్రానికల్లా తొమ్మిది ఇళ్ళవాళ్ళు వైరుదానికి, నాలుగిళ్ళవాళ్ళు బ్యాటరీదానికి ఆర్డరు పెట్టారు. ఆ నాలుగింటిలో కిషన్‌రావు ఇల్లొకటి. ఎవరూ మిగిలిపోలేదు.

మర్నాడు రాజారావు పట్టికంతా గ్రూపులోనే మహేంద్రకు పంపాడు. జవాబుగా ఒక ఫోటో వచ్చింది. ఇంటి ముందు దారి శుభ్రంగా ఉంది, గోడకు ఒక పార ఆనించి ఉంది. "సారీ అంకుల్, చెప్పడం మర్చిపోయా. మీరు రీసెర్చ్‌లో ఉన్నానన్న రోజే పక్కింటి ఆంటీ పార ఇచ్చారు. పది నిమిషాల పని."

మంగాదేవి ఫోటో చూసింది. గుమ్మంలో మరమరాలు ఊడుస్తూనే అడిగింది. "ఆ రోజు ఆ అబ్బాయితో మీకు తెలియదని చెప్తే ఏమయ్యేదండీ?"

రాజారావు ఫోన్ పక్కన పెట్టాడు. ఆమె మీద కోపం రాలేదు, తన మీద కొంచెం జాలి వేసింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఫోన్ మోగింది. గ్రూపులో ఎవరో అడిగారు: "అంకుల్, పార ఏది మంచిది?" కింద "కిషన్‌రావు టైపింగ్..." అని ఉంది.

"తొందరపడి కొనొద్దు" అని రాజారావు కొట్టాడు.

మంచి పార గురించి తెలిసిన పాఠకులు ఆయనకు రాయవచ్చు. తెలియనివారు ఎలాగూ రాస్తారు.