ఎడమవైపు వెలుతురు

దేశంలో చదువుకు పట్టిన చీకటి డిసెంబరు నెలాఖరుకల్లా వదిలిపోతుందని అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు డన్‌మోర్ కౌంటీ బడుల సూపరింటెండెంటు ఎఫ్రాయిమ్ పింక్‌హామ్ గారు 1913లో ప్రకటించారు. ప్రతి బడికీ అక్కడ ఏమేం ఉండాలో రాసిన ఒక కార్డు, కార్డుకు నూరు మార్కులు. తొంభై దాటిన బడి గుమ్మానికి ‘ప్రామాణిక పాఠశాల’ అని రేకు బిళ్ల కొడతారు. దాటని బడిని మూసేసి పిల్లల్ని పట్నం బడిలో కలిపేస్తారు. ఇంత సులువైన ఉపాయం అంతకు ముందెవరికీ తట్టకపోవడం విచారకరమే.

లావీనియా కెస్లర్ పంతులమ్మగా ఉన్న ఒంటిగది బడి పట్నానికి ఏడు మైళ్లు. పిల్లలు ఇరవై ఇద్దరు. మంచులో అంతదూరం నడిచి వాళ్లు చదవరనీ, ఈ బడి మూస్తే వాళ్ల చదువు అక్కడితో సరి అనీ ఆమెకు తెలుసు. అందుకే కార్డును ఆదివారం ప్రార్థన కంటే శ్రద్ధగా చదివింది.

వెలుతురు పిల్లలకు ఎడమవైపు నుంచే రావాలని అందులో ఉంది. కుడి నుంచి వస్తే రాసే చేతి నీడ కాగితం మీద పడి కళ్లు పాడవుతాయట. బడి కమిటీ పెద్ద, రైతు టోర్వాల్డ్ బ్రెక్కె కుడివైపు కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టేశాడు. ఎడమవైపు గుబురుగా దేవదారు చెట్టు. కొట్టేద్దామంటే ఆవరణలో చెట్టుకు మూడు మార్కులు. చెట్టు నిలిచింది, బడి చీకటైంది.

తర్వాత పొయ్యి. దాని చుట్టూ రేకు తొడుగుంటే ఐదు మార్కులు. తెప్పించిన తొడుగులో పాత పొయ్యి పట్టలేదు. మార్కులు తొడుగుకే గనక పొయ్యిని బయట పెట్టారు. పుస్తకాలకు నాలుగు. వేలిముద్రలు పడకుండా వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

చలికీ చీకటికీ తట్టుకోలేక లావీనియా పిల్లల్ని పక్కనే ఉన్న బ్రెక్కె గారి ఆవుల కొట్టంలోకి మార్చింది. ఆవుల వల్ల అక్కడ వెచ్చగా ఉండేది. పలకల సందుల్లోంచి వెలుతురు నాలుగు దిక్కులనుంచీ, నిబంధనలకు పూర్తి విరుద్ధంగా వచ్చేది. ఆ నేరంలోనే పిల్లలు భిన్నాలు కూడా నేర్చేశారు.

తనిఖీ రోజైనా వాళ్లని బడిలో కూర్చోబెడదామని ఆమె అంది. బ్రెక్కె ఒప్పుకోలేదు.

“ఇరవై ఇద్దరి బూట్ల బురద, పంతులమ్మా. శుభ్రమైన నేలకు ఐదు మార్కులు. బడి ఉండాలంటే ఈ ఒక్కరోజూ వాళ్లు లేకపోవడమే మేలు.”

పింక్‌హామ్ గారు వచ్చారు. టేపుతో కిటికీలు కొలిచారు. తొడుగును వేలితో తట్టి మెచ్చుకున్నారు. పిల్లల గురించి కార్డులో ప్రశ్న లేదు గనక ఆయనా అడగలేదు. తొంభై ఆరు వేసి, స్వహస్తాలతో గుమ్మానికి బిళ్ల కొట్టారు. సుత్తి చప్పుడు ఆగగానే కొట్టంలోంచి వినబడింది: ఏడేడ్లు నలభై తొమ్మిది, ఏడెనిమిదులు యాభై ఆరు.

లావీనియా బ్రెక్కె వైపు చూసింది.

“మా ఆవులండీ,” అన్నాడు బ్రెక్కె.

“ఎక్కం బాగానే వచ్చు వాటికి,” అని పింక్‌హామ్ గారు కొట్టం వైపు నడిచారు.

లోపల ఆరేళ్ల ఇంగా గడ్డిమోపు మీద కూర్చుని విత్తనాల కంపెనీ పుస్తకంలోంచి తడుముకోకుండా చదువుతోంది. పక్కన ఆవు నెమరేస్తోంది. ఆయన టోపీ తీశారు. కుడినుంచి వస్తున్న వెలుతురును చూశారు. కార్డు కోసం చెయ్యి జేబులోకి వెళ్లింది. గుమ్మానికి కొట్టిన బిళ్ల ఊడినట్టే అనుకుంది లావీనియా.

కార్డు బయటికి రాలేదు. ఆయన ఆమెను దూరంగా పిలిచి, బ్రెక్కెకు వినబడకుండా గొంతు తగ్గించారు.

“మా మనవరాలికి ఎనిమిదేళ్లమ్మా. ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటోంది. ఇక్కడ ఇంకో పిల్లకు చోటుంటుందా? పొద్దున్నే నేనే బండిలో దింపుతాను.”

లావీనియాకు అర్థం కాలేదు.

“మీ పట్నం బడికి నూటికి నూరు వచ్చాయి కదండీ?”

“అందుకేనమ్మా,” అన్నారు పింక్‌హామ్ గారు.