స్వహస్తాలతో అయిదు అరలు

...పుస్తకం కొనుక్కున్నవాడు పాఠకుడు, ఆ పుస్తకానికి తన చేతులతో అర కట్టుకున్నవాడు సంస్కర్త అని తను అన్న మాట నిజమే. కాని 'తన' అన్న మాటలోకి ఎవరెవరు వస్తారో తనెక్కడా వివరించలేదు. వివరించని మాట అబద్ధం ఎలా అవుతుంది? ఆఫీసులో నోటు గుమాస్తా రాస్తాడు. సంతకం తను పెడతాడు. పైఅధికారి చదివి, "రాజేంద్రప్రసాద్ చక్కగా రాశాడయ్యా" అంటాడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ముగ్గురిలో ఎవరికీ నిద్ర చెడలేదు. మరి ఒక్క కొబ్బరి చెక్క అర దగ్గరే మనస్సాక్షికి ఇంత పట్టింపు ఎందుకు?

ఆదివారం పొద్దున్న తొమ్మిది గంటలకు, అమలాపురంలో తన ఇంటి హాల్లో కుర్చీలో కూర్చుని, రాజేంద్రప్రసాద్ ఈ విషయం పరిశీలిస్తున్నాడు. ఎదురుగా గోడకు ఆనించి ఆ అర ఉంది. మనిషంత ఎత్తు. నాలుగు అంతస్తులు పూర్తయ్యాయి, అయిదోది మిగిలింది. దానికోసం వడ్రంగి సూరిబాబు నేల మీద గొంతుక్కూర్చుని చెక్కకు చిత్రిక పడుతున్నాడు. పది గంటలకు గ్రంథహిత సంఘం సభ్యులు వస్తారు. రాజేంద్రప్రసాద్ స్వహస్త నిర్మాణాన్ని దర్శించడానికి.

అంతా చప్పట్ల వల్ల వచ్చింది. రెండు నెలల కిందట సంఘం సమావేశంలో ఆ సంస్కర్త వాక్యం అనేసరికి పద్దెనిమిది చేతులు ఒక్కసారి మోగాయి. సంఘంలో ఉన్నదే తొమ్మిదిమంది. ఆ వేడిలో రెండో వాక్యం కూడా దొర్లింది. "కోనసీమవాడి పుస్తకం కొబ్బరి చెక్క మీదే నిలబడాలి." మళ్ళీ చప్పట్లు. మర్నాడే రంపం, సుత్తి కొన్నాడు. ఐనవిల్లిలో మామగారి తోటలో పడగొట్టిన ముసలి కొబ్బరి మానుల్ని చెక్కలు కోయించి తెప్పించాడు. ఒక్క చెక్కను పొట్టి చేయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. రంపం పళ్ళు అరిగిపోయాయి. కోత గోదావరి పాయలా ఎటో మొదలై ఎటో తేలింది.

భార్య భవానీదేవి ఆ చెక్కను తిప్పి చూసి, "ఏవండీ, ఇది పుస్తకాలకా, కూరలు తరుక్కోడానికా?" అని అడిగింది.

నాలుగో రోజున పెరటి దారిలో సూరిబాబు వచ్చాడు.

సూరిబాబుకు యాభై దాటాయి. రాజేంద్రప్రసాద్ ఆఫీసుకు వెళ్ళాక వచ్చి, తిరిగొచ్చే వేళకు వెళ్ళిపోయేవాడు. అతను వెళ్ళాక రాజేంద్రప్రసాద్ చొక్కా విప్పి, బనీను మీద పిడికెడు చిత్రిక పొట్టు చల్లుకుని, సుత్తి పట్టుకుని కూర్చునేవాడు. భవానీదేవి ఫోటో తీసేది. అది సంఘం వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళేది. 'శ్రమయే జపం' అని కింద రాసిన రోజున అతనికి నిజంగానే నడుం నొప్పి పుట్టింది, రాత్రి మందు కూడా రాయించుకున్నాడు. ఆ నొప్పిని తలుచుకున్నప్పుడల్లా, పని కొంత తనూ చేశాడనే నమ్మకం కలుగుతుంది.

"బాబుగారూ" అన్నాడు సూరిబాబు చిత్రిక ఆపకుండా. "ఆ మాట చెప్పేరాండి?"

"ఏ మాట?" అన్నాడు రాజేంద్రప్రసాద్, ఏ మాటో బాగా తెలిసి.

"అదేనండి, సంఘం వారి రీడింగు రూముకి పన్నెండు అరలు కావాలంటన్నారు కదండి. ఆ పని నాకిప్పించండని. ఇప్పుడందరూ ప్లైవుడ్డువి కొనేసుకుంటన్నారండి, చెక్క పని చేయించుకునేవారే లేరు. కువైట్లో సెంట్రింగు పనికి రమ్మంటన్నాడు మా బావమరిది. రేపు సోమవారం ఏజెంటుకి అవుననో కాదనో చెప్పెయ్యాలండి. ఈ పని దొరికితే మానేద్దామనండి. ఈ మోకాళ్ళతో అంత ఎండలో ఏం నిలబడతానండి."

"ఇవాళ చెప్తాను సూరిబాబూ. వాళ్ళు వస్తున్నారుగా."

"ఆయ్."

ఆ 'ఆయ్'లో నమ్మకం ఎంత, మర్యాద ఎంత అని రాజేంద్రప్రసాద్ ఆలోచించాడు. చెప్పాలంటే, సూరిబాబు పని ఎంత బాగుంటుందో చూపించాలి. చూపించాలంటే ఈ అరనే చూపించాలి. ఆ చిక్కు విడేలోగా గేటు చప్పుడైంది. సంఘం వాళ్ళు ముప్పావుగంట ముందే వచ్చేశారు.

అధ్యక్షురాలు అనూరాధ గారు మినిట్సు పుస్తకం చంకలో పెట్టుకుని ముందు వచ్చారు. ఆమె జూనియర్ కాలేజీ లెక్చరరు. వెనక లెక్కల మాస్టారు బెంజమిన్, కొబ్బరి వ్యాపారి నాగసతీష్. మిగతావాళ్ళు పెళ్ళిళ్ళకు వెళ్ళారు. ముగ్గురూ సూరిబాబును చూశారు. అతని చేతిలో చిత్రికను చూశారు. చూసి, మర్యాదగా గోడ మీది క్యాలెండరు వైపు తిరిగారు.

"సూరిబాబు... మా మామగారి ఊరు. ఇటుగా వెళ్తూ, చూద్దామని ఆగేడు" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"ఆయ్. చూద్దామనండి" అని సూరిబాబు లేచి, చిత్రిక పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చూడటం మొదలుపెట్టాడు.

"ఆహా, ఏం పనితనమండీ" అన్నారు అనూరాధ గారు. "అంచులు చూసేరా మాస్టారూ, అద్దంలా ఉన్నాయి."

"మన రాజేంద్రప్రసాద్ గారిలో ఇంత విద్య ఉందని ఎవరనుకున్నారండీ" అన్నారు బెంజమిన్ మాస్టారు, సూరిబాబును చూస్తూ.

"అందుకే దారిలో ఒక తీర్మానం చేసుకొచ్చేం" అని ఆమె మినిట్సు పుస్తకం తెరిచారు. "సంఘ పఠన మందిరమునకు అవసరమగు పన్నెండు పుస్తకాల అరలను శ్రీ రాజేంద్రప్రసాద్ గారు శ్రమదాన పద్ధతిన, స్వహస్తములతో నిర్మించి ఇచ్చుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. చప్పట్లు."

ఆరు చేతులు మోగాయి. రాజేంద్రప్రసాద్‌కు మొదట కలిగింది ఆనందమే. శరీరం చప్పట్లకు అలవాటు పడింది, కారణం అడగదు. తర్వాత సూరిబాబు వైపు చూశాడు. అతని ముఖంలో కోపం కోసం వెతికాడు. కొంచెం కోపం దొరికితే బాగుండును, దాని మీద తనూ కోప్పడవచ్చు. ఏమీ లేదు.

"బాబుగారైతే బాగా చేస్తారండి" అన్నాడు సూరిబాబు. "నాకు తెలుసు కదండి."

"ఆ అయిదో చెక్క మా ఎదురుగా కొట్టండి సార్, వీడియో తీస్తాను" అన్నాడు నాగసతీష్, ఫోను తీసి.

కాదనడానికి కారణం దొరకలేదు. రాజేంద్రప్రసాద్ పక్కనున్న బల్ల ఎక్కి, చెక్కను పై అడ్డ బద్దల మీద పెట్టి, మేకు నిలిపి, కొట్టాడు. మేకు నడుం వంచింది. ఇంకోటి నిలిపాడు. అది చెక్కకు నమస్కారం పెట్టి పడుకుంది. మూడోది ఎగిరి వెళ్ళి దేవుడి పటం కింద పడింది.

ముదురు కొబ్బరి చెక్కలోకి బెజ్జం పెట్టకుండా మేకు దిగదని, ఆ గదిలో ఉన్నవాళ్ళకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అందరూ కొబ్బరి దూలాల కింద పుట్టినవాళ్ళే.

"ఈ మధ్య మేకులు నాసిరకం వస్తున్నాయండి" అన్నారు బెంజమిన్ మాస్టారు.

"తేమ కూడా ఉంది కదండీ గాలిలో" అన్నారు అనూరాధ గారు.

"సుత్తి సార్. సుత్తి బరువు చాలలేదు" అన్నాడు కొబ్బరి వ్యాపారి, ఏటా లక్ష కాయలు చూసేవాడు.

వంటింటి గుమ్మంలోంచి భవానీదేవి కాఫీలతో వచ్చింది. ఆమెకు సభామర్యాద తెలియదు. "సూరిబాబు గారూ, మీ డ్రిల్లింగు మిషను మంచం కింద పెట్టమన్నారు మా ఆయన. తెమ్మంటారా?"



"ఓహో, డ్రిల్లింగు మిషను కూడా కొన్నారా రాజేంద్రప్రసాద్ గారూ?" అన్నారు అనూరాధ గారు చల్లగా.

తప్పించుకునే దారి అది. ఆవిడ తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు. 'ఆఁ' అంటే చాలు, అందరూ ఊపిరి పీల్చుకుని కాఫీ తాగుతారు. సోమవారం నాడు సూరిబాబు ఏజెంటుకు అవునని చెబుతాడు. రాజేంద్రప్రసాద్‌కు ఆ 'ఆఁ' గొంతు దాకా వచ్చింది కూడా. కాని దానికి కావలసిన ముఖం ఎంత పెట్టినా కుదరలేదు. ఇన్నాళ్ళూ ఫోటోల్లో ఎలా కుదిరిందో.

"లేదండి. అది సూరిబాబుది" అన్నాడు. "ఈ అర కూడా సూరిబాబే చేసేడు. మొత్తం."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ముగ్గురి ముఖాల్లోనూ కొద్దిగా కష్టం కనిపించింది, భోజనాల దగ్గర ఎవరో అనకూడని మాట అన్నట్టు.

"తెలుసండి" అన్నారు బెంజమిన్ మాస్టారు. "ఇన్నాళ్ళ నుంచీ అతని బండి మీ సందులోనే ఉంటోంది కదండీ. మీరు చెప్పాలా ఏంటి?"

"తెలిస్తే మరి ఆ తీర్మానం..."

"తెలిసే చేసేం" అన్నారు అనూరాధ గారు. ఆమెకు చిరాకు వచ్చింది. "మీరెలాగూ అతని చేతే చేయించి ఇస్తారు. బయటికి చెప్పుకోలేరు కనుక సంఘాన్ని పైసా అడగరు. మందిరం గోడ మీద మీ పేరు. అందరికీ గౌరవంగా ఉండేది. ఇప్పుడు చూడండి, ఏం చేసేరో."

రాజేంద్రప్రసాద్ ఒక్క క్షణం ఆ ఏర్పాటును మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. తన ఆఫీసులో కూడా ఇంత పక్కా నోటు ఎవరూ పెట్టలేదు.

"నా పేరు కొట్టేయండి" అన్నాడు. "సూరిబాబు పేరు రాయండి. శ్రమదానం అన్న మాట కూడా తీసేయండి."

"చూద్దామండి, వచ్చే మీటింగులో..."

"ఇప్పుడే రాయండి మేడం. రాయకపోతే ఇవాళ జరిగిందంతా నేనే గ్రూపులో పెడతాను. మేకులతో సహా. మీ మాటలతో సహా."

నాగసతీష్ ఫోను ఇంకా తీస్తూనే ఉంది. అనూరాధ గారు దాని వైపు చూసి, కలం తీసి, రాశారు. 'తగు రీతిన చెల్లింపుతో' అని చివర కలుపుతున్నప్పుడు కలం కాస్త గట్టిగా ఆనింది.

సూరిబాబు లోపలికి వెళ్ళి మంచం కింది మిషను తెచ్చుకున్నాడు. చెక్క ఒక కొసన బెజ్జానికి గుర్తు పెట్టుకుని, చుట్టూ చూశాడు.

"రెండో కొస లేచిపోద్దండి. ఎవరైనా కాస్త పట్టుకోవాలి."

బెంజమిన్ మాస్టారు కాఫీ వైపు చూశారు. నాగసతీష్ తెల్ల చొక్కా సర్దుకున్నాడు. అనూరాధ గారు మినిట్సు పుస్తకాన్ని రెండు చేతులతోనూ పట్టుకున్నారు.

"అదురుద్దండి, గట్టిగా" అన్నాడు సూరిబాబు, ఎవరినీ చూడకుండా.

రాజేంద్రప్రసాద్ పంచె ఎగ్గట్టుకుని, మళ్ళీ బల్ల ఎక్కి, చెక్క రెండో కొస పట్టుకున్నాడు.