మనవడి దగ్గర నాకు లెర్నర్ లైసెన్స్

సొంత కూతురు మనల్ని నమ్మకపోవడం గొప్ప అదృష్టమండీ. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

నేను రిటైరైన బ్రేకు ఇన్‌స్పెక్టర్ని. డ్రైవింగ్ టెస్టుకు వచ్చినవాళ్ళను ఎడాపెడా ఫెయిల్ చేసి ఇంటికి పంపడమే నా వృత్తి. అలాంటి నన్ను మా అమ్మాయి, నెల నిండని మనవణ్ణి ఎత్తుకునే టెస్టులో ఫెయిల్ చేసింది.

"నాన్నా, మెడ కింద చెయ్యేది?"

"పెడుతున్నానమ్మా."

"పెట్టాక ఎత్తుకోవాలి. ఎత్తుకున్నాక పెట్టడం కాదు."

క్లచ్ గురించి ఇదే మాట నేను ఎంతమందికి చెప్పి ఉంటాను?

శిక్షణ మొదలైంది. దిండును భుజాన వేసుకుని హాల్లో తిరిగాను. దానికి తేన్పు రావాలని వీపు తట్టాను. మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాను. మీసం గుచ్చుకుంటుందంటే తీయించేశాను. ఇంటికొస్తే మా ఆవిడ "ఎవరు కావాలండీ?" అంది. ఇందులో నష్టమేముంది? మీసానికి రంగు వేసుకునే బాధ తప్పింది. పైగా నమ్మకం లేనివాడికి డైపర్ మార్చే పని ఎవరు అప్పగిస్తారు?

చివరికి అమ్మాయి పన్నునొప్పి నాకు కలిసొచ్చింది. మా ఆవిడ ఆఫీసులో ఉంది, అల్లుడు ఊళ్ళో లేడు. ఉయ్యాల ఎదుట కెమెరా పెట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక్కి చూసుకుంటూ డాక్టర్ దగ్గరికి బయల్దేరింది.

వీధి మలుపు తిరిగిందో లేదో కెమెరా మాట్లాడింది.

"నాన్నా, ఫ్యాన్ తగ్గించు."

తగ్గించాను.

"వాడి మీదకి అంతలా వంగకు."

వంగలేదు. ఈలోగా వాడు ఏడుపు లంకించుకున్నాడు. దిండు మీద నేర్చిన విద్యంతా బయటికి తీశాను. ముందు మెడ కింద చెయ్యి, తర్వాతే ఎత్తుకోవడం. "మెల్లగా, ఎడమకు, ఇంకా మెల్లగా" అంటూ గదంతా నడిచాను. వాడు నా చొక్కా మీద పాలు కక్కి నిద్రపోయాడు. అప్పుడు కెమెరా అడిగింది.

"నువ్వు తిన్నావా నాన్నా?"

పెళ్ళయ్యాక మా అమ్మాయి ఒక్క పూటలో నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

రాగానే కెమెరా ఊడదీసేసింది. "ఇక నాకే బెంగా లేదు నాన్నా" అంది. పాసయ్యాను.

సెలవు అయిపోయి ఇప్పుడు ఒంటిపూట ఆఫీసుకు వెళ్తోంది. పిల్లాణ్ణి నా చేతిలో పెడుతుంది, చెప్పులేసుకుంటుంది, వెళ్ళిపోతుంది. ఒక ఫోన్ లేదు, ఒక మందలింపు లేదు. పాసైనవాడి వంక ఇన్‌స్పెక్టర్ మళ్ళీ చూస్తాడా? నేను మాత్రం ఎప్పుడైనా చూశానా?

అందుకే నిన్న డైపర్ వెనకభాగం ముందుకు పెట్టి కట్టాను. ఫొటో తీసి అమ్మాయికి పంపాను. క్షణంలో ఫోన్ మోగింది.

"ఏంటి నాన్నా అది? నీకెన్నిసార్లు చెప్పాలి?"

చాలాసేపు తిట్టింది. మనవణ్ణి భుజాన వేసుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని, హాయిగా విన్నాను.