నాలుగో అంతస్తు మీద ముసుగు నిఘా

"నేరస్థులు ఈ నగరంలో ఎక్కడైనా తలదాచుకోవచ్చు. ఈ అపార్టుమెంటులో మాత్రం కుదరదు. ఎందుకంటే ఇక్కడ నేనున్నాను!" అని వీరలక్ష్మి ప్రకటించింది.

విన్నది భర్త రామ్మోహనరావు ఒక్కడే. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "పొయ్యి మీద పాలు కూడా ఉన్నాయి," అన్నాడు.

మదీనాగూడలో కాపురం పెట్టాక వీరలక్ష్మి ఛేదించిన కేసులు రెండు. లిఫ్టులో వాసన కేసులో ముద్దాయి ఆమె కొన్న ఎండుచేపలే. మాయమైన చెప్పుల కేసులో చెప్పులు ఆమె కాళ్ళకే దొరికాయి.

ఈసారిది అంతర్జాతీయ స్థాయి. ఆదివారం సాయంత్రమయితే చాలు, కళ్ళు తప్ప మొహమంతా చున్నీ చుట్టుకున్న ఒక ఆడమనిషి స్కూటీ మీద వస్తుంది. గేటు బయట ఆగి, నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే కడప పిల్ల సౌజన్య బాల్కనీ వంక చూసి వెళ్ళిపోతుంది.

"దుమ్ముకి ఈ ఊళ్ళో ఆడపిల్లలంతా అలాగే చుట్టుకుంటారు కదే!"

"అదేనండీ ముఠా తెలివి! అందరూ చుట్టుకునే ఊరే ఎంచుకున్నారు."

ఆ ఆదివారం వీరలక్ష్మి వల పన్నింది. అంటే, గేటు పక్క క్రోటను కుండీ వెనక కూర్చుంది. స్కూటీ వచ్చేసరికి మోకాళ్ళు పట్టేశాయి. వాచ్‌మన్ రాజయ్య చెయ్యిచ్చి లేపాడు.

"గీడ ఏం చేస్తున్నవమ్మా? జర పైలం!"

సాక్ష్యం భర్తకి పంపడానికి కొంగుచాటున వాట్సాప్‌లో మైకు బొమ్మ నొక్కిపట్టి, వీరలక్ష్మి గర్జించింది. "ఎవరు నువ్వు? సౌజన్యకి ఏమవుతావు?"

ముసుగు జారింది. భీకర వదనం ఏమీ లేదు. ఏడ్చి ఎర్రబడ్డ ముక్కు ఉంది.

"నా పేరు ఉమాశ్రీ అండి. ఏమవుతానో చెప్పలేకే గేటు దాటడం లేదు. ఒకప్పుడు సౌజన్యా నేనూ హఫీజ్‌పేట్‌లో కలిసి ఉండేవాళ్ళం. ప్రేమించుకున్నామండి. మా ఇంట్లోవాళ్ళకి భయపడి నేనే వదిలేసి బెంగళూరు పారిపోయాను. ఈమధ్యే ఆఫీసు పని మీద హైటెక్ సిటీకి వచ్చాను. రేపు వెనక్కి పొమ్మంటున్నారు. తను ఒక్క మాట అంటే ఆ ఉద్యోగం మానేసి ఇక్కడే ఉండిపోతాను. కానీ ఏ మొహం పెట్టుకుని అడగను?"

'చట్టం నుంచి తప్పించుకోలేవు!' అని వీరలక్ష్మి అద్దం ముందు సాధన చేసి వచ్చింది. తీరా నోటికొచ్చింది, "టీ తాగుతావా తల్లీ?" అని.

అంతలో భర్త ఫోను. "సాక్ష్యం పంపుతానన్నావు, రాలేదేమే?"

వీరలక్ష్మి ఫోన్ని దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి చూసింది. కళ్ళజోడు లేకుండా నొక్కిన సాక్ష్యం నేరుగా సౌజన్యకే వెళ్ళింది. పక్కన రెండు నీలం టిక్కులు.

లిఫ్టు కోసం కూడా ఆగకుండా, ఉత్త కాళ్ళతో, తలకి పట్టించిన నూనె చెంపల మీద కారుతుండగా మెట్లు దిగి వచ్చింది సౌజన్య.

"ఏమే, నాతో ఆ ముక్క చెప్పేదానికి నీకు ఈ ఆంటీ కావాల్సొచ్చిందా?"

ఉమాశ్రీ జారిన చున్నీని మళ్ళీ మొహం మీదికి లాక్కుంది.

"మళ్ళా పారిపోతావా?"

"పోను."

"నీ మాట నేను నమ్మేది లేదు." సౌజన్య స్కూటీ తాళంచెవి పీకి జేబులో వేసుకుంది. "ఇప్పుడు నమ్ముతా. రా పైకి."

వీరలక్ష్మి ముక్కు చీదుకుంటూ ఇంటికొచ్చింది.

"ముఠా ఏమయింది?" అన్నాడు రామ్మోహనరావు.

"ఒకే ఫ్లాట్లో బంధించానండీ ఇద్దర్నీ," అంది వీరలక్ష్మి, తనే పన్నాగం పన్నినట్టు. "ఇక ఒకళ్ళ నుంచి ఒకళ్ళు తప్పించుకోలేరు."