చెప్పులకు వైద్యం

నాలుగు కాళ్ళ మీద తిరిగే మనిషి ఒకనాడు రెండు కాళ్ళ మీద ఎందుకు లేచి నిలబడ్డాడన్న ప్రశ్నకు పండితులు ఇంకా జవాబు వెతుకుతూనే ఉన్నారు. చెట్టు మీది పండు కోసమని కొందరు, దూరాన పులిని చూడ్డానికని కొందరు. పాపం, వాళ్ళలో ఒక్కరైనా మా ధర్మాసుపత్రికి వచ్చినట్టు లేదు. వచ్చి ఉంటే గేటు దగ్గరే తేలిపోయేది. మనిషి లేచి నిలబడింది వరుసలో నిలబడడానికి. నాలుగు కాళ్ళతో నిలబడితే వరుస మరీ పొడుగైపోతుందని దేవుడే రెంటిని తగ్గించి ఉంటాడు.

ఆ ఆసుపత్రి నెల్లూరికీ సముద్రానికీ నడుమ ఒక ఊళ్ళో ఉంది. ఊరి పేరు చెప్పను. చెప్తే ఆ ఊరివాళ్ళు నా కాళ్ళు విరగ్గొడతారు, అప్పుడు నేనూ వెళ్ళి ఆ వరుసలోనే నిలబడాలి. నయాపైసలు వచ్చిన కొత్తల్లో జరిగిన సంగతి ఇది. అణాలు పోయాయి గాని అణా అంత అలవాటు కూడా పోలేదని మీరే చూస్తారు.

ఈ ఆసుపత్రిలో వరుస మనుషులది కాదు, చెప్పులది.

వెనకటికి ఒక కాంపౌండరు ఉండేవాడు, దయగలవాడు (దయను అప్పటికింకా నిషేధించలేదు). జబ్బుమనుషులు ఎండలో నిలబడడం చూడలేక, "మీ చెప్పులు వరండాలో వరసగా వదిలి, పోయి నీడన కూర్చోండి. చెప్పుల వంతు రాగానే పిలుస్తా" అన్నాడు. జనం దండం పెట్టారు. ఆయనకు బదిలీ అయింది. చెప్పులు మిగిలాయి. తర్వాత వచ్చినవాళ్ళు ఆ మంచిపనిని అలా గాలికి వదలకుండా దానికి కట్టుబాట్లు కట్టారు. (ఆ ఆసుపత్రిలో కట్టు గట్టిగా కట్టింది దానికొక్కదానికే.) మొదటిది, చెప్పుల జత ఉన్నవారికే వంతు. రెండోది, చెప్పుల ముక్కు డాక్టరు గది వైపు ఉండాలి. వీధి వైపు తిరిగిన చెప్పులు జబ్బు నయమై వెళ్ళిపోయినట్టు లెక్క. మూడోది బాగా ఆలోచించి చేశారు. చెప్పులు దొంగలపాలవుతున్నాయి గనక, వంతు వచ్చేదాకా ప్రతి జత పక్కనా ఒక మనిషి నిలబడి కాపలా కాయాలి.

వరండా నీడ అంతా చెప్పులకే సరిపోయింది. మనుషులు వరండా కింద ఇసకలో, ఎండలో, వట్టి కాళ్ళతో నిలబడ్డారు.

ఈ వ్యవస్థకు కాపలాదారు గేటు జకరయ్య. వెనక మిలిటరీలో చేశాడు. ఆయన చూపు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. మనుషుల మొహాలు చూసి గుర్తుపట్టడం మానేసి చాలా కాలమైంది. ఎవరైనా నమస్కారం పెడితే వాళ్ళ చెప్పులు చూసి పేరు పెట్టి పిలుస్తాడు.

అలాంటి గేటు దగ్గరికి ఒకనాడు జాలర్ల పల్లె పట్టపుపాళెం నుంచి మునెయ్య కుంటుకుంటూ వచ్చాడు. పక్కన పెళ్ళాం నాగులమ్మ. మునెయ్య ఏరు సముద్రంలో కలిసే మొగలో నడుముల లోతు నీళ్ళలో వల పట్టుకుని నిలబడే మనిషి. ఏళ్ళ తరబడి నిలబడీ నిలబడీ ఎడమ పిక్క మీద నరాలు నేరేడు గుత్తుల్లా ఉబ్బినాయి. ఆ పైన ఒకరోజు జెల్ల చేప ముల్లు చీలమండ పక్కన గుచ్చుకుంది. ముల్లు ఆ పూటే బయటికొచ్చేసింది. పుండు మాత్రం ఇల్లు బాగుందని ఉండిపోయింది. పసుపు పెట్టారు, వేపనూనె పోశారు, పొగాకు బూడిద అద్దారు. ఏది పెట్టినా పుండు కాదనలేదు, కదల్లేదు.

జకరయ్య మునెయ్య పాదాల వైపు చూసి ఉలిక్కిపడ్డాడు. పుండును చూసి కాదు.

"చెప్పులేవీ?"

"లేవన్నా. చేపలకు లేని చెప్పులు మాకెందుకని తొడగం."

"చెప్పులు లేనోణ్ణి వరసలో యాడ పెట్టేది?"

"నన్నే పెట్టన్నా."

"మనిషిని నమ్మేదెట్టా? నీళ్ళకు పోతాడు, చుట్టకు పోతాడు. చెప్పు పోతుందా? మాట తప్పొచ్చు గాని చెప్పు తప్పదు."

నాగులమ్మ ముందుకొచ్చింది. "ఆయన కాలు చూడన్నా, కుండ మాదిరి వాచి ఉండాది. చెప్పు ఎక్కుతుందా?"

"ఎక్కించమని ఎవరన్నారమ్మా? వరసలో పెట్టమన్నా."

ఏ ఊళ్ళో అయినా ఆసుపత్రికి ఎదురుగా మందుల అంగడి ఉంటుంది. ఇక్కడ చెప్పుల అంగడి ఉంది. అంగడి మీరా మొహిద్దీన్‌ది. మునెయ్య పుట్టి బుద్ధెరిగి మొదటిసారి చెప్పులు కొన్నాడు, కాళ్ళకు కాదు, వరసకు.

"కొలత ఎంత చెల్లెమ్మా?" అన్నాడు మొహిద్దీన్.

"తొడిగేదానికి కాదులే అన్నా. ఆ వరండాలో పెట్టేదానికి."

"అట్టయితే చిన్నవి తీసుకో. తోలు తక్కువ, వెల తక్కువ. చోటు కూడా తక్కువే పడుతుంది."

బళ్ళో అక్షరాలు దిద్దే పిల్లకాయకు సరిపోయే జత అది. జకరయ్య దాని ముక్కు సరిచేసి, తృప్తిగా తలాడించి, మునెయ్యను ఇసకలోకి దించాడు. నేను మోకాలి నొప్పితో అయిదారు జతల వెనకగా ఉన్నాను గనక ఇదంతా చూశాను.

డాక్టరు విజయభాస్కర్ గారు కుర్రవాడు, మంచివాడు. (ఆ ఆసుపత్రికి ఇంకా కొత్త.) మునెయ్య కాలు వేలితో నొక్కి చూశారు. వేలు తీసినా సొట్ట అలాగే ఉంది.

"మన కాలవకు లాకులుంటాయి చూడు, కాళ్ళ నరాల్లోనూ అట్లాంటివే ఉంటాయి. నీకవి చెడిపోయినాయి. కిందికి దిగిన రక్తం పైకి ఎక్కడంలేదు. నీళ్ళు నిలిచిన చేలో పైరు కుళ్ళినట్టు, అక్కడ పుండు మానదు. నేను చెప్పే మూడు మాటలు గుర్తుపెట్టుకో. నిలబడొద్దు, నిలబడొద్దు, నిలబడొద్దు. పడుకుని కాలు గుండెకంటే ఎత్తున పెట్టుకో. వేళ్ళ దగ్గర్నుంచి మోకాలి దాకా కట్టు బిగువుగా ఉండాలి. కట్టు మార్చడానికి రోజూ ఇక్కడికి రా."

"రోజూ వస్తే రోజూ నిలబడాల గదయ్యా?" అంది నాగులమ్మ.

డాక్టరు గారు కిటికీలోంచి వరండా చూశారు. వరండా నిండా చెప్పులు చల్లగా ఉన్నాయి. "కాలు నా చేతిలో ఉందమ్మా. వరస జకరయ్య చేతిలో ఉంది" అన్నారు.

కాలు నిలవాలంటే నిలబడకూడదు. నిలబడకపోతే కాలు చూసే నాథుడు లేడు. శాస్త్రమూ సర్కారూ ఒకే కాలిని చెరొక వైపు లాగుతుంటే మునెయ్య మధ్యలో కుంటాడు. వచ్చినప్పుడల్లా ఎండ నడినెత్తికి ఎక్కేదాకా నిలబడతాడు. వాచిన కాలితో లోపలికి పోతాడు.

"మళ్ళీ నిలబడ్డావా?"

"నిలబడినానయ్యా."

"ఎందుకు?"

"నిలబడొద్దని తమరు చెప్పేది వినేదానికి."

డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే ఆసుపత్రి సలహా సంఘం ముందుకు పోయి మొరపెట్టుకున్నారు. సంఘం చాలా జాలిపడింది. కాలిపుండ్లవాళ్ళు ఇకమీదట వరసలో నిలబడనక్కర్లేదని తీర్మానించింది. నిలబడనక్కర్లేదని చీటీ చూపిస్తే చాలు. చీటీ పక్క వరండాలో కిటికీ దగ్గర ఇస్తారు. అక్కడా వరసే. (దానికి వేరే జత కావాలి.)

పుండు తీర్మానాలు చదవదు. చీము లోపలికి దిగింది. ఒకనాడు డాక్టరు గారు కట్టు విప్పి, పుండు అంచులు నొక్కి చూశారు. తర్వాత నాగులమ్మతోనే అన్నారు. "ఇది ఎముకను పట్టిందంటే మద్రాసు పంపాలి. అక్కడ మోకాలి కింద తీసేస్తారు. ఇంకెంతో వ్యవధి లేదు."

తిరిగి పోతూ దారిలో మునెయ్య నవ్వబోయాడు. "కొంగ ఒంటికాలి మీదే గదా చేపలు పట్టేది."

"కొంగకు పెళ్ళాం కూడు వండి పెట్టదు. నోరు ముయ్యి" అంది నాగులమ్మ. కొంగుతో కళ్ళు ఒత్తుకుని వెనక్కి తిరిగి, తిన్నగా మొహిద్దీన్ అంగడికి వచ్చింది.

"అన్నా, వాళ్ళకు కావాల్సింది చెప్పులే గదా. రేపటినుంచి చెప్పులే వస్తాయి. మనిషిని పంపను."

"పక్కన మనిషి నిలబడాలంటారే చెల్లెమ్మా?"

"నువ్వు మనిషివి కాదా?"

మొహిద్దీన్ గడ్డం నిమురుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఎవరూ ఆ అనుమానం పడలే" అన్నాడు.

మర్నాటి నుంచి మునెయ్య చెప్పులు ఆసుపత్రికి రావడం మొదలుపెట్టాయి. మొహిద్దీన్ అంగడి తెరవగానే వాటిని వరసలో పెడతాడు. బేరం లేనప్పుడు వచ్చి పక్కన నిలబడతాడు. బేరం ఉన్నప్పుడు అంగట్లోంచే ఒక కన్ను వేస్తాడు. జకరయ్యకు ఒకసారి అనుమానం వచ్చింది.

"సాయిబూ, మునెయ్య యాడ?"

"అడుగో, వరసలోనే ఉండాడు. ముక్కు సరిగానే పెట్టినా, చూసుకో."

జకరయ్య వంగి చూశాడు. ముక్కు డాక్టరు గది వైపే ఉంది. "సరే" అని ముందుకు పోయాడు.

వంతు వచ్చింది. మొహిద్దీన్ చెప్పుల్ని రెండు చేతుల్తో పట్టుకుని లోపలికి పోయి బల్ల మీద పెట్టాడు. డాక్టరు గారు చెప్పుల్ని చూశారు, మొహిద్దీన్‌ని చూశారు, గుమ్మం వైపు చూశారు. గొంతు తగ్గించారు.

"పడుకున్నాడా?"

"పడుకున్నాడు."

"కాలు?"

"పాత వలల మోపు మీద. గుండెకన్నా ఎత్తే."

"కట్టు?"

"చెల్లెమ్మ కడుతుంది. పడవ మోకులు బిగించే చెయ్యి, తమరు దిగులు పడొద్దు."

డాక్టరు గారు మందూ, ఉడకబెట్టిన గుడ్డ పట్టీలూ చెప్పుల మీద పెట్టారు. "రోగి పరిస్థితి మెరుగ్గా ఉంది" అని బయటికి వినబడేలా అన్నారు.

అక్కడ పట్టపుపాళెంలో మునెయ్య కాలు ఆకాశం చూస్తూ పడుకుంది. ఆ వలలు ఎన్నో చేపల్ని పట్టి ఉంటాయి గాని, కాలు పట్టుకోవడం ఇదే మొదలు. పాళెంలో వాళ్ళు వచ్చి, "ఏం దొరా, కాళ్ళు పైకి పెట్టి ఏలుబడి చేస్తుండావే" అని ఎగతాళి చేసి పోయేవాళ్ళు. అదొక బాధ. అంతకంటే పెద్ద బాధ, ఒకరోజు కానాగంత చేపల గుంపు వచ్చిందని సముద్రపొడ్డునుంచి కేకలు వినబడ్డాయి. మునెయ్య మోచేతుల మీద లేచాడు.

నాగులమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "లేచినావంటే ఆ రెండో కాలు నేనే విరగ్గొడతా. అప్పుడు తీరిగ్గా రెండూ పైన పెట్టుకుని పడుకుందువు."

మునెయ్య పడుకున్నాడు. కానాగంతలు పోయినాయి. వాపు కూడా దిగడం మొదలైంది. నల్లగా ఉన్న పుండు ఎర్రబడింది, ఎర్రబడింది చిన్నదైంది, అంచుల్లోంచి లేత చర్మం లోపలికి పాకింది. చివరికి ఒక ఆదివారం డాక్టరు గారు సైకిలు తొక్కుకుంటూ పాళేనికే వచ్చారు. (కాలు ఆసుపత్రికి పోకపోతే ఆసుపత్రే కాలి దగ్గరికి రావచ్చునని ఎవరికీ తోచలేదు, ఆయనకూ ఆదివారమే తోచింది.) కట్టు విప్పి, వేలితో నొక్కి, సొట్ట పడలేదని చూసి, గుడిసెలో ఉన్న ఒక్క పీట మీద కూలబడి నవ్వారు.

"నీళ్ళలో నిలబడే పని ఇక మానెయ్. పడవలో కూర్చుని తెడ్డు వెయ్యి. కట్టు మాత్రం వదలొద్దు."

కథ ఇక్కడ అయిపోయి ఉంటే ఎంతో బాగుండేది. కాని ఆ నెలలో జిల్లా నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. చూపించడానికి నయమైన రోగి ఒకడు కావాలి. సలహా సంఘం వెతికింది. ఒక్కపూట కూడా మానకుండా వచ్చిన రోగి మునెయ్య ఒక్కడే అని జకరయ్య సాక్ష్యం చెప్పాడు. ఆదర్శ రోగికి సన్మానం నిశ్చయమైంది. పిలుపు తీసుకుని జకరయ్యే పాళేనికి వచ్చాడు.

నాగులమ్మ ఒక్కటే అడిగింది. "సభలో కూర్చోబెడతారా?"

"గౌరవం జరిగేటప్పుడు కూర్చుంటే ఎట్టమ్మా? ఉపన్యాసాలు అయ్యేదాకా నిలబడాల."

"అట్టయితే చెప్పులే వస్తాయి."

జకరయ్యకు ఇందులో వింతేమీ కనబడలేదు. ఆయనకు మునెయ్య అంటే ఆ జతే.

పాదుకలకు పట్టం కట్టిన దేశం మనది. పట్టుగుడ్డ పరిచిన బల్ల మీద ఆ పిల్లకాయ చెప్పుల జతను పెట్టారు. ముక్కు అధికారి గారి వైపు తిప్పారు. చెప్పుల దండ వేసిన సభలు నేను చూశాను, చెప్పులకు దండ వేసిన సభ అదే మొదలు. సంఘం అధ్యక్షులు లేచి గొంతు సవరించుకున్నారు.

"ఈ రోగి ఏనాడూ వరస తప్పలేదు. రోజూ నిలబడ్డాడు. ఆ నిలకడ వల్లనే పుండు మానింది. వాపు ఎంతగా తగ్గిందో మీరే చూడండి" అని చెప్పుల్ని పైకెత్తారు. అంత పెద్ద మనిషి పాదాలు ఇంత చిన్నవైపోవడం చూసి సభ చప్పట్లు కొట్టింది. అధికారి గారు తమ పాదాలకేసి ఒకసారి చూసుకున్నారు. డాక్టరు విజయభాస్కర్ గారు లేచి ఏదో చెప్పబోయారు. ఆయన చెప్పులు కాళ్ళకే ఉన్నాయి, వరసలో పెట్టలేదు గనక, వంతు రాలేదు.

నిలబడడం వల్లే కాలిపుండ్లు మానుతాయని రుజువైంది గనక, ఆ జబ్బువాళ్ళను ఇక మీద వరస చివర్నే ఉంచాలని సంఘం అక్కడికక్కడే ఉత్తరువు చేసింది.

మునెయ్య ఇప్పుడు వట్టి కాళ్ళతోనే వేటకు పోతున్నాడు, పడవలో కూర్చుని. చెప్పుల్ని ఆసుపత్రివాళ్ళు తిరిగి ఇవ్వలేదు. వరండా మూల గాజు బీరువాలో, మెత్తటి దూది మీద పెట్టారు. ఆ ఆసుపత్రిలో నిలబడే పని లేకుండా విశ్రాంతి తీసుకుంటున్న రోగులు ఈ రోజుకీ అవి రెండే.